గ్రాఫిక్స్ కార్డుకి 30 వేలు, కరెంటిచ్చే కేబుల్‌కి 200: ఈ లెక్క మారాలి

మా నరసరావుపేటలో పీసీ బిల్డ్ చేసుకునే కుర్రాళ్ళ నుంచి నాకు నెలకి రెండుమూడుసార్లైనా వచ్చే ప్రశ్న ఒకటుంది. "అన్నా, కార్డు వచ్చేసింది. ఎస్ఎంపీఎస్‌కి 8-పిన్ లేదు. కన్వర్టర్ పెట్టుకుంటే సరిపోద్దా?"

గమనించండి, కార్డు కొన్న తర్వాత అడిగే ప్రశ్న ఇది. కొనే ముందు ఎవరూ అడగరు. వీఆర్ఏఎమ్ ఎంత, ఎఫ్‌పీఎస్ ఎంత, రే ట్రేసింగ్ ఉందా లేదా అని నెల రోజులు వీడియోలు చూస్తారు. కార్డుకి కరెంటు ఎటునుంచి వస్తుందన్నది మాత్రం డబ్బా విప్పాకే గుర్తొస్తుంది. అప్పటికి జేబులో మిగిలేది 200 రూపాయలు. కన్వర్టర్ ధర కూడా సరిగ్గా అంతే ఉంటుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సాటా నుంచి గ్రాఫిక్స్ కార్డుకి ఇచ్చే కన్వర్టర్ వద్దే వద్దు, అది షాపులో అమ్మకూడని వస్తువు. కొత్త కార్డుల డబ్బాలో వచ్చే 16-పిన్ అడాప్టర్ వాడొచ్చు, కానీ దాన్ని మామూలు కేబుల్‌లా చూడకూడదు. ఎందుకో లెక్కలతో చూద్దాం.

మన దగ్గరే ఈ సమస్య ఎందుకు ఎక్కువ?

పల్నాడులో ఇంజనీరింగ్ చదివే కుర్రాడు గేమింగ్ పీసీ ఎలా కడతాడో ఒకసారి చూడండి. ఆఫీసుల్లో వాడి తీసేసిన రిఫర్బిష్డ్ టవర్ ఒకటి తెచ్చుకుంటాడు. సికింద్రాబాద్ సీటీసీలోనో, విజయవాడలోనో, ఆన్‌లైన్‌లోనో సెకండ్ హ్యాండ్ కార్డు పట్టుకుంటాడు. 2022 సెప్టెంబర్ 15న ఇథీరియమ్ మైనింగ్ ఆగిపోయాక ఆ కార్డులన్నీ మార్కెట్ మీద పడ్డాయి. ఆర్ఎక్స్ 580 లాంటివి మన బడ్జెట్‌లోకి వచ్చాయి. ఇంతవరకు బాగానే ఉంది.

చిక్కు ఎక్కడంటే, ఆ ఆఫీసు టవర్లలో ఎస్ఎంపీఎస్ చాలావరకు 300 వాట్లు కూడా ఉండదు. గ్రాఫిక్స్ కార్డు కోసం చేసింది కాదు కాబట్టి 6-పిన్, 8-పిన్ కేబుళ్ళు ఉండవు. హార్డ్ డిస్కు కోసం సాటా పవర్ కేబుల్ మాత్రం ఉంటుంది. మదర్‌బోర్డు కనెక్టర్ కూడా కంపెనీ సొంత డిజైన్ అయితే బయటి ఎస్ఎంపీఎస్ నేరుగా పట్టదు. అప్పుడు సాటా నుంచి 8-పిన్ కన్వర్టర్ దేవుడిలా కనిపిస్తుంది. రెండు చివర్లూ చక్కగా సరిపోతాయి, ఫ్యాన్ తిరుగుతుంది, స్క్రీన్ వస్తుంది. ఇంకేం కావాలి అనిపిస్తుంది.

కనెక్టర్ సరిపోవడం, కరెంటు సరిపోవడం ఒకటి కాదు. మొదటిది కంటికి కనిపిస్తుంది. రెండోది లెక్క వేస్తే గానీ తెలియదు.

పదో తరగతి లెక్కే

వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు. గ్రాఫిక్స్ కార్డుకి వెళ్ళేది 12 వోల్టులు.

సాటా పవర్ కనెక్టర్‌లో 12 వోల్టులకి మూడు చిన్న పిన్నులుంటాయి. ఒక్కోదాని పరిమితి 1.5 ఆంపియర్లు. మొత్తం 4.5 ఆంపియర్లు, అంటే 54 వాట్లు. హార్డ్ డిస్కుకి అది చాలా ఎక్కువే.

పీసీఐ ఎక్స్‌ప్రెస్ 6-పిన్ 75 వాట్లు ఇవ్వాలి. 8-పిన్ 150 వాట్లు ఇవ్వాలి. 54 వాట్ల నోటికి 150 వాట్ల పని అప్పజెప్పడమే ఈ కన్వర్టర్ చేసేది.

ఆర్ఎక్స్ 580 రేటింగ్ 185 వాట్లు. స్లాట్ నుంచి కొంత లాగినా, కేబుల్ మీద 120 వాట్లు సులువుగా పడతాయి. అంటే 10 ఆంపియర్లు. "అందుకే కదన్నా రెండు సాటాలున్న కన్వర్టర్ కొన్నా" అంటారు. రెండు కలిపినా పరిమితి 9 ఆంపియర్లే. పైగా ఆ రెండు సాటాలూ ఎస్ఎంపీఎస్ నుంచి వచ్చే ఒకే కేబుల్ మీద ఉంటే, మొత్తం భారం మోసేది ఒకే ఒక్క పసుపు వైరు. ముందు రెండు నోళ్ళున్నాయి, వెనక గొంతు ఒకటే.

ఇక మోలెక్స్, అంటే పాత నాలుగు పిన్నుల కనెక్టర్. దాని పిన్ను లావుగా ఉంటుంది కాబట్టి సాటా కంటే మేలు. రెండు వేర్వేరు కేబుళ్ళ మీదున్న రెండు మోలెక్స్‌లని కలిపి 75 వాట్ల 6-పిన్‌కి ఇవ్వడం పర్వాలేదు. అక్కడితో ఆగాలి. 6-పిన్ నుంచి 8-పిన్ కన్వర్టర్ కూడా అంతే. కొన్ని 6-పిన్ కేబుళ్ళలో 12 వోల్టుల వైర్లు మూడు కాకుండా రెండే ఉంటాయి. చిన్న కార్డుకి సరిపోవచ్చు, 150 వాట్లు లాగే కార్డుకి కాదు.

"ఎక్కువ లాగితే ట్రిప్ అవుద్ది కదా?"

కాదు. చాలామంది ధైర్యం దీని మీదే నిలబడి ఉంది కాబట్టి ఇది బాగా అర్థం చేసుకోవాలి.

ఎస్ఎంపీఎస్‌లో ఉండే రక్షణ మొత్తం 12 వోల్టుల లైన్‌ని చూస్తుంది. షార్ట్ అయితే కట్ చేస్తుంది, మొత్తం లోడు బాగా మించితే కట్ చేస్తుంది. మీ సాటా కనెక్టర్‌లో 4.5కి బదులు 10 ఆంపియర్లు పోతున్న సంగతి దానికి తెలియదు. దాని దృష్టిలో 10 ఆంపియర్లు మామూలు విషయం. ఇంట్లో ఎంసీబీకి అసలే తెలియదు, 300 వాట్ల పీసీ 230 వోల్టుల దగ్గర లాగేది ఒకటిన్నర ఆంపియర్ లోపే. అంటే ఆ చిన్న ప్లాస్టిక్ కనెక్టర్ కరుగుతుంటే ఆపేవాళ్ళు ఎవరూ లేరు. పొగ వాసన మీ ముక్కుకి తగిలేదాకా కార్డు తన పని తాను చేసుకుపోతుంది.

వేడి ఎలా పుడుతుందో కూడా చూడండి. రెండు లోహాలు తగిలే చోట కాస్త నిరోధం ఉంటుంది. కరెంటు రెట్టింపైతే అక్కడి వేడి నాలుగు రెట్లవుతుంది. వేడికి పిన్ను స్ప్రింగు పట్టు వదులుతుంది, పట్టు వదిలితే నిరోధం పెరుగుతుంది, నిరోధం పెరిగితే ఇంకా వేడి. "మా ఫ్రెండు రెండేళ్ళ నుంచి వాడుతున్నాడు, ఏం కాలేదు" అనే మాటకి నా జవాబు ఇదే. ఇది మొదటి రోజు జరిగేది కాదు. నెలల తరబడి నెమ్మదిగా ముదిరి, ఓ రోజు బయటపడేది. రెండేళ్ళు గడిచాయంటే ఆ కనెక్టర్ రెండేళ్ళు వేడెక్కి చల్లారిందని అర్థం, గట్టిపడిందని కాదు.

పెద్ద కార్డులకీ తప్పలేదు

ఇదంతా చవక బిల్డుల గొడవ అనుకోకండి. లక్షన్నర పెట్టి ఆర్‌టీఎక్స్ 4090 కొన్నవాళ్ళకీ ఇదే అయింది.

2022 అక్టోబర్‌లో ఆ కార్డు వచ్చింది. 450 వాట్ల కార్డు. నాలుగు 8-పిన్ కేబుళ్ళని ఒక చిన్న 16-పిన్ కనెక్టర్‌గా మార్చే అడాప్టర్ డబ్బాలో ఇచ్చారు. ఆ కనెక్టర్ పేరు 12వీహెచ్‌పీడబ్ల్యూఆర్. వారాల్లోనే కరిగిన కనెక్టర్ల ఫోటోలు మొదలయ్యాయి. నవంబర్‌లో ఎన్విడియా ప్రకటన ఇచ్చింది: ప్రపంచవ్యాప్తంగా దాదాపు 50 కేసులు తమ దృష్టికి వచ్చాయని, కనెక్టర్ పూర్తిగా లోపలికి నొక్కకపోవడమే ఎక్కువగా కనిపించిన కారణమని. గేమర్స్ నెక్సస్ ఛానల్ సొంతంగా పరీక్షలు చేసి, సరిగ్గా దిగని కనెక్టర్‌తో పాటు పిన్నుల్లో మిగిలిపోయిన లోహపు రజను కూడా కారణం కావచ్చని చూపించింది.

తర్వాత కనెక్టర్‌ని సవరించారు. కొత్త పేరు 12వీ-2×6. పవర్ పిన్నుల్ని కాస్త పొడిగించి, సెన్స్ పిన్నుల్ని వెనక్కి జరిపారు. ప్లగ్ పూర్తిగా దిగకపోతే కార్డు పవర్ తీసుకోకుండా ఆగాలన్నది ఉద్దేశం. ఈలోగా 2024 ఫిబ్రవరిలో కేబుల్‌మాడ్ తన యాంగిల్డ్ అడాప్టర్లని అమెరికాలో వెనక్కి పిలిచింది. దాదాపు 25,300 అడాప్టర్లు, 272 ఫిర్యాదులు. కేబుల్ వంచకుండా నీట్‌గా కనిపించాలని కొన్న చిన్న ముక్క అది.

2025 జనవరిలో ఆర్‌టీఎక్స్ 5090 వచ్చింది, 575 వాట్లు. మరుసటి నెలలోనే జర్మనీకి చెందిన రోమన్ హార్టుంగ్, అదే డెర్‌బౌవర్, తన కార్డు మీద కొలిచి చూపించాడు. ఆరు వైర్లలో సమానంగా పంచుకోవాల్సిన కరెంటు ఒక్క వైరులోనే 20 ఆంపియర్లు దాటింది. ఎస్ఎంపీఎస్ వైపు కనెక్టర్ వేడి 150 డిగ్రీలు దాటింది. కేబుల్ పూర్తిగానే పెట్టి ఉంది.

చాపకూడు లెక్క తప్పితే

పల్నాటి వాళ్ళకి బ్రహ్మనాయుడి చాపకూడు గురించి చెప్పక్కర్లేదు. అందరూ ఒకే చాప మీద కూర్చుని సమానంగా తినాలి. 16-పిన్ కనెక్టర్‌లో ఆరు 12 వోల్టుల పిన్నులు ఉన్నది కూడా అందుకే. 600 వాట్లు అంటే 50 ఆంపియర్లు, ఆరుగురు పంచుకుంటే ఒక్కొక్కరికి 8.3. ఒక్కో పిన్ను మోయగలిగేది సుమారు 9.5. అంటే మిగులు చాలా తక్కువ.

ఇప్పుడు ఒకరిద్దరు చాప మీద సరిగ్గా కూర్చోలేదనుకోండి. వాళ్ళ వాటా మిగిలినవాళ్ళు తినాల్సిందే. ఎవరికి ఎంత పడుతుందో చూసే పెద్ద కావాలి. ఆర్‌టీఎక్స్ 3090 టీఐలో ఆ పని జరిగేది, ఆరు పిన్నుల్ని మూడు జతలుగా విడదీసి కార్డు విడివిడిగా కొలిచేది. 4090, 5090 మామూలు డిజైన్లలో ఆరింటినీ బోర్డు మీద ఒకటిగా కలిపేశారు. మొత్తం ఎంత వస్తుందో కార్డుకి తెలుసు, ఏ వైరు నలిగిపోతోందో తెలియదు. ఆసుస్ ఆస్ట్రల్ లాంటి కొన్ని ఖరీదైన మోడళ్ళలో పిన్ను పిన్నుకీ కొలిచే ఏర్పాటు పెట్టారు. అది అన్ని కార్డుల్లోనూ ఉండాల్సింది.

పాత 8-పిన్‌తో పోల్చి చూడండి. 150 వాట్లకి మూడు పిన్నులు, ఒక్కోదానికి 4.2 ఆంపియర్లు. పిన్ను సామర్థ్యం దాదాపు దానికి రెట్టింపు. ఒక పిన్ను సరిగ్గా కూర్చోకపోయినా మిగతా రెండు లాక్కొస్తాయి. అందుకే ఏళ్ళ తరబడి ఎంత మొరటుగా వాడినా అది నిలబడింది.

కాబట్టి "యూజర్ సరిగ్గా పెట్టుకోలేదు" అనే మాటతో నేను సగమే ఏకీభవిస్తాను. సరిగ్గా పెట్టుకోవడం మన బాధ్యత, నిజమే. కానీ అర మిల్లీమీటరు తేడా వస్తే కరిగిపోయే వస్తువుని ఇళ్ళలో పిల్లలు బిగించుకునే మార్కెట్‌లోకి వదలడం కంపెనీల బాధ్యత కాదా? టూవీలర్ బ్రేక్ వైరు ఇంత సున్నితంగా ఉంటే మనం ఒప్పుకుంటామా? డిజైన్‌లో మిగులు ఉండాలి. ఆ మిగులు తగ్గించి కనెక్టర్ చిన్నది చేశారు, రిస్కు మన టేబుల్ కిందకి వచ్చింది.

రెంటచింతల ఎండలో

పై దేశాల్లో చేసే పరీక్షలు చాలావరకు ఏసీ గదుల్లో, 20, 25 డిగ్రీల దగ్గర జరుగుతాయి. మన రెంటచింతల పేరు వేసవి వార్తల్లో ఎందుకొస్తుందో అందరికీ తెలుసు. మే నెలలో రేకుల షెడ్డు గదిలో, మేడ మీద గదిలో 40 డిగ్రీల గాలే కేసులోకి పోతుంది. కనెక్టర్ తన చుట్టూ ఉన్న గాలి కంటే 40 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుందనుకుంటే, అక్కడ 65 దగ్గర ఆగేది ఇక్కడ 80కి చేరుతుంది. దానికి దుమ్ము తోడు. పిడుగురాళ్ళ సున్నం బట్టీల వైపు ఉండేవాళ్ళకి కేసు ఫిల్టరు ఎంత త్వరగా తెల్లబడుతుందో నేను చెప్పక్కర్లేదు. ఫిల్టరు మూసుకుపోతే కేసులో వేడి ఇంకా పెరుగుతుంది. యూరప్‌లో "పర్వాలేదు" అన్నది మన దగ్గర కూడా పర్వాలేదు అనుకోకూడదు.

మరి ఏం చేయాలి?

నేను అందరికీ చెప్పేవి ఇవి.

1. కార్డు కొనే ముందే ఎస్ఎంపీఎస్ విప్పి కేబుళ్ళు లెక్కపెట్టండి. కార్డుకి కావాల్సిన 8-పిన్ కేబుళ్ళు నేరుగా లేకపోతే, ఆ కార్డు ఖర్చులో మంచి ఎస్ఎంపీఎస్ ధర కూడా కలిపే లెక్క వేసుకోండి. నాలుగైదు వేలకి నమ్మదగిన 550 వాట్లది దొరుకుతుంది.

2. ఎస్ఎంపీఎస్ మార్చలేని ఆఫీసు టవర్ అయితే, విడి కేబుల్ అక్కర్లేని కార్డు తీసుకోండి. ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ మోడల్ 70 వాట్లే, చాలా వెర్షన్లు స్లాట్ నుంచే నడుస్తాయి. టవర్ సన్నగా ఉంటే లో-ప్రొఫైల్ వెర్షనే పడుతుంది, అది చూసుకోండి. ఫ్రేములు తగ్గుతాయి, ఒప్పుకుంటాను. రాత్రిపూట రెండర్ పెట్టి నిశ్చింతగా పడుకోవచ్చు.

3. ఒక ఎస్ఎంపీఎస్ మాడ్యులర్ కేబుల్ ఇంకో ఎస్ఎంపీఎస్‌కి పెట్టకండి. ఒకే కంపెనీ అయినా సరే, రెండు మోడళ్ళకీ సరిపోతుందని ఆ కంపెనీ చెబితే తప్ప వద్దు. ఎస్ఎంపీఎస్ వైపు పిన్నుల వరస వేరుగా ఉంటుంది. 5 వోల్టులు పోవాల్సిన చోటికి 12 పోతే హార్డ్ డిస్కుతో సహా పోతుంది.

4. సీపీయూకి వెళ్ళే 8-పిన్, కార్డుకి వెళ్ళే 8-పిన్ ఒకేలా కనిపిస్తాయి. లోపల పాజిటివ్, గ్రౌండ్ స్థానాలు వేరు. దిగనంటే బలవంతంగా నొక్కకండి.

5. 16-పిన్ అడాప్టర్‌కి ఎన్ని 8-పిన్‌లు ఉంటే అన్నిటికీ ఎస్ఎంపీఎస్ నుంచి విడివిడి కేబుళ్ళు ఇవ్వండి. ఒకే కేబుల్‌కి ఉన్న రెండు తలల్ని రెండిటికీ పెట్టడం పెద్ద కార్డులకి మంచిది కాదు.

6. ఊరూపేరూ లేని 16-పిన్ అడాప్టర్ కొనకండి. ఎన్ని వాట్లు లాగొచ్చో కార్డుకి చెప్పేవి సెన్స్ పిన్నులు. చవక అడాప్టర్లో వాటిని నేరుగా గ్రౌండ్‌కి కలిపేస్తే, వెనక రెండు కేబుళ్ళే ఉన్నా కార్డు 600 వాట్లు దొరుకుతాయనుకుంటుంది. ఎస్ఎంపీఎస్‌కి సొంత 16-పిన్ కేబుల్ ఉంటే అడాప్టర్ పక్కన పెట్టి అదే వాడండి.

7. పెట్టాక టార్చి వేసి చూడండి. ప్లగ్‌కీ సాకెట్‌కీ మధ్య సందు కనపడకూడదు. మెల్లగా లాగితే రాకూడదు. కనెక్టర్ నుంచి కనీసం 35 మిల్లీమీటర్ల దాకా వైరు వంచకండి. కేసు అద్దం కేబుల్‌ని నొక్కుతుంటే కేసు మార్చాలి, కేబుల్‌ని మడవకూడదు.

8. ఊరికే పీకి పెట్టకండి. ఈ 16-పిన్ కనెక్టర్‌ని సుమారు 30 సార్లు తీసి పెట్టడానికే తయారు చేశారు. సెకండ్ హ్యాండ్ కార్డు కొంటుంటే ఆ సాకెట్‌ని దగ్గరగా ఫోటో అడగండి. ప్లాస్టిక్ గోధుమ రంగులోకి మారినా, ఒక పిన్ను రంగు తేడాగా ఉన్నా వదిలేయండి.

9. హెచ్‌డబ్ల్యూఇన్ఫో పెట్టుకోండి. 16-పిన్ ఉన్న చాలా ఎన్విడియా కార్డుల్లో ఆ కనెక్టర్ దగ్గరి వోల్టేజ్ కనిపిస్తుంది. గేమ్ నడిచేటప్పుడు అది మునుపటికంటే ఎక్కువగా పడిపోతుంటే కాంటాక్ట్ పాడవుతోందని అనుమానించాలి.

10. వేసవిలో పవర్ లిమిట్ 75, 80 శాతానికి తగ్గించండి. పెద్ద కార్డుల్లో ఎఫ్‌పీఎస్ తేడా కొద్దిగానే ఉంటుంది, కేబుల్ మీద భారం మాత్రం బాగా తగ్గుతుంది.

వీలుంటే ఇంకో మాట. ఒకే ధరలో 8-పిన్ కార్డు, 16-పిన్ కార్డు రెండూ దొరికితే నా ఓటు 8-పిన్‌కే. 304 వాట్ల ఆర్ఎక్స్ 9070 ఎక్స్‌టీ మోడళ్ళు చాలావరకు మామూలు 8-పిన్‌లతోనే వచ్చాయి. చూడ్డానికి కేబుళ్ళు ఎక్కువే, నిద్ర మాత్రం పడుతుంది.

షాపులవాళ్ళకి కూడా

తప్పంతా కుర్రాళ్ళ మీద వేయడం నాకిష్టం లేదు. ఓ అసెంబుల్డ్ పీసీ కొటేషన్ చూడండి. ప్రాసెసర్ మోడల్ ఉంటుంది, కార్డు మోడల్ ఉంటుంది, ర్యామ్ స్పీడ్ ఉంటుంది. ఎస్ఎంపీఎస్ దగ్గర మాత్రం "450 వాట్స్" అని రాసి వదిలేస్తారు. నేను చూసిన ఒక టవర్లో అయితే "గేమింగ్" అని స్టిక్కరున్న ఎస్ఎంపీఎస్ నుంచి సాటా కన్వర్టర్ మీదుగా కార్డుకి కరెంటిచ్చి, కేబుల్ టైతో అందంగా కట్టి అమ్మేశారు. కొన్న పిల్లాడికి లోపల ఏముందో తెలియదు. వాళ్ళ నాన్న మిర్చి డబ్బులు అవి.

షాపులవాళ్ళని నేనడిగేది రెండే. బిల్లు మీద ఎస్ఎంపీఎస్ కంపెనీ, మోడల్ నంబరు రాయండి. సాటా నుంచి 8-పిన్ కన్వర్టర్ కౌంటర్ మీద నుంచి తీసేయండి. ఆ 200 రూపాయల్లో మీకు మిగిలేది ఎంత? అదే కుర్రాడికి ఎందుకు వద్దో చెప్పి మంచి ఎస్ఎంపీఎస్ అమ్మితే మీకూ లాభమే, వాడు మళ్ళీ మీ దగ్గరికే వస్తాడు.

మీరు ఇప్పటికే కన్వర్టర్ మీద నడుపుతుంటే ఈరోజే పీసీ ఆపి, ప్లగ్ తీసి, సైడ్ ప్యానెల్ విప్పండి. కనెక్టర్ దగ్గర ప్లాస్టిక్ మెత్తబడిందా, రంగు మారిందా, కాలిన వాసన వస్తుందా చూడండి. అందులో ఏ ఒక్కటి ఉన్నా మళ్ళీ ఆన్ చేయొద్దు. ఏమీ లేకపోయినా, సాటా కన్వర్టర్ అయితే తీసేసి, సరైన ఎస్ఎంపీఎస్ వచ్చేదాకా ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తో నెట్టుకురండి. ఈ నెల గేమ్ వచ్చే నెల ఆడుకోవచ్చు.